కప్పు తిరగేసి చూడండి

పాత చాయ్ సెట్టు ఒక్కటైనా లేని అల్మారా మన ఇళ్లలో అరుదు. అది దాదీమా జహేజులో వచ్చినదై ఉంటుంది. లేదా ఇంటి పెద్ద కొడుకు గల్ఫ్ నుంచి అట్టపెట్టెలో గడ్డి కుక్కి తెచ్చినదై ఉంటుంది. ఈద్ నాడు, సమధీలు వచ్చిన నాడు మాత్రమే కిందికి దిగుతుంది. ఇల్లు మారేటప్పుడో, పెద్దామె ఇంతెఖాల్ తరువాతో అదే సెట్టు రెండు స్టీలు గిన్నెల కోసం పాత సామాన్ల వాడి గంపలోకి పోతుంది. మరోవైపు హైదరాబాద్ జుమేరాత్ బజారులో, ముర్గీ చౌక్‌లో పాత పింగాణీ ఏరి కొనే షౌక్ ఉన్నవారూ ఉన్నారు. ఇచ్చేవారికి ఏమి ఇస్తున్నారో తెలియదు, కొనేవారికి ఏమి కొంటున్నారో తెలియదు. మధ్యలో ‘ఇది నవాబుగారి దేవిడీ సరుకు’ అన్న కథకు మాత్రం మంచి ధర పలుకుతుంది.

కథ వినవద్దని మేము అనడం లేదు. విన్న తరువాత కప్పు తిరగేసి అడుగు చూడండి అంటున్నాం.

‘పింగాణీ’ మాట మనకు ఫార్సీ నుంచి వచ్చింది. ఫార్సీలో పింగాన్ అంటే కప్పు. అరబ్బీలో ‘ప’ అక్షరం లేదు కనుక అక్కడ అది ఫింజాన్ అయింది. మాట ఇన్ని దేశాలు తిరిగినట్టే సరుకూ తిరిగింది. అది ఏ దేశం నుంచి బయలుదేరిందో చాలాసార్లు అడుగున ఉన్న ముద్రే చెబుతుంది.

అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం 1891 నుంచి ఆ దేశానికి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. అందుకని ‘ఇంగ్లండ్’ అని ముద్ర ఉన్న కప్పు సాధారణంగా 1891 తరువాతిది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా ఉంటే చాలావరకు 20వ శతాబ్దపుది. జపాన్ సరుకు మీద 1921 వరకు ‘నిప్పాన్’ అనీ, ఆ తరువాత ‘జపాన్’ అనీ రాశారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే అది రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడి, అమెరికా సేనల అధీనంలో ఉన్న జపాన్‌లో, 1952కు ముందు తయారైనది. అయితే దేశం పేరు లేనంత మాత్రాన అది పురాతనమని అనుకోరాదు. అమెరికాకు పోని సరుకుకు ఆ చట్టంతో పని లేదు.

ముద్రలో కనిపించే సంవత్సరంతో జాగ్రత్తగా ఉండాలి. వెడ్జ్‌వుడ్ కంపెనీ 1759లో మొదలైంది. అలాంటి స్థాపన సంవత్సరం ముద్రలో కనబడితే చాలు, కప్పు వయసు రెండున్నర శతాబ్దాలని చెప్పి అమ్మేవారున్నారు. అది దుకాణం పుట్టిన తేదీ, కప్పు పుట్టిన తేదీ కాదు.

రష్యా చాయ్‌దానీల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఫ్రాన్సిస్ గార్డ్‌నర్ అనే ఇంగ్లీషు కలప వ్యాపారి 1766లో మాస్కో దగ్గర వెర్బిల్కీలో పింగాణీ కార్ఖానా పెట్టాడు. అక్కడి చాయ్‌దానీలు, పిడిలేని ప్యాలాలు బుఖారా, సమర్‌ఖంద్, కాబూల్, పెషావర్ బజార్లదాకా వెళ్లాయి. ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు నేల మీద తెల్లటి గుండ్రాలు, వాటిలో గులాబీలు ఉంటాయి. అక్కడి గిరాకీ తెలిసి కొన్నిటి మీద ఫార్సీ లిపిలో కూడా ముద్ర వేశారు. 1892లో కార్ఖానా కుజ్నెత్సోవ్ చేతికి వచ్చినా ఆ పేరు పోలేదు. అఫ్ఘాన్ ఇళ్లలో చాయ్‌దానీ పగిలితే పారేయక, సన్నటి లోహపు కుట్లతో అతికించి వాడుకున్నారు. కుట్లున్న చాయ్‌దానీ చూసి చాలామంది మొహం తిప్పుకుంటారు. మా దృష్టిలో మాత్రం అది దస్తర్‌ఖాన్ మీద నిజంగా బతికిన వస్తువు. అయితే ధర చెప్పేటప్పుడు అమ్మేవాడు ఆ కుట్లను దాచకూడదు.

ఇక చాలామంది అడిగే ప్రశ్న బోన్ చైనా గురించి. పేరులోనే ఎముక ఉంది. 18వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో స్పోడ్ కుటుంబం ఈ మట్టి పాళ్లను స్థిరపరచింది. అందులో దాదాపు సగం ఎముకల బూడిద. సంప్రదాయంగా వాడేది పశువుల ఎముక. అందువల్లనే అంత తెలుపు, అంత పలుచన. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పంది తప్ప మిగతా జంతువుల ఎండిన ఎముక పాక్. పైగా ఇక్కడ అది కాలి బూడిదైంది. అయినా మనసులో శంక ఉంటే మామూలు పింగాణీ ఉండనే ఉంది.

వెండి సెట్టు సంగతి వేరు. వెండి బంగారు పాత్రలలో తినడం, తాగడం దైవప్రవక్త (స) వారించారు. ఈ హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. నగల విషయంలో స్త్రీలకున్న వెసులుబాటు పాత్రల విషయంలో లేదు. కనుక వెండి చాయ్‌దానీ ఎంత అందంగా ఉన్నా అందులో చాయ్ పోయరాదు. కానీ వెండి అని చెప్పేదంతా వెండి కాదు. అడుగున ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అని ఉంటే అది రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం మీద వేసిన పలుచని పూత. ఇంగ్లండ్‌లో ముద్ర పడిన అసలు వెండి మీద సాధారణంగా నడుస్తున్న సింహం గుర్తు ఉంటుంది. పూత విషయంలో ఫుఖహాల వివరణలున్నాయి. కొనే ముందు మీ మహల్లా ఆలిమ్‌ను అడగండి.

జపాన్ కప్పుల్లో ఒక రకం ఉంది. చూడటానికి ఖాళీ తెల్లటి అడుగే. వెలుతురుకు పట్టి చూస్తే మాత్రం అందులో ఒక స్త్రీ ముఖం తేలుతుంది. బొమ్మలున్న పాత్రలు వద్దనుకునే ఇళ్లవారు కొనేటప్పుడే దీపానికి పట్టి చూసుకోవడం మేలు.

దీపం దగ్గర ఇంకో పని కూడా అవుతుంది. వెలుతురులో వెంట్రుకంత పగులు గీతలా కనబడుతుంది. కప్పును వేలికి తగిలించి గోటితో మీటితే నిక్షేపమైనది ఖణేల్‌మంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. అంచు చుట్టూ వేలు తిప్పితే చిన్న పెచ్చు కూడా తగులుతుంది. మూత దాని గిన్నెకే చెందినదా, కప్పు కింద సాసరు దాని జతేనా చూడాలి. మూడు సెట్ల మిగులు కలిపి ఒక సెట్టుగా కట్టిన సరుకు బజారులో కొల్లలు.

కొన్న తరువాత వాడాలా అంటే, వాడటానికి ముందు ఒక్క మాట. పాత రంగుల్లో, మెరుగులో సీసం ఉండవచ్చు. పైపూత సాలెగూడులా చిట్లిన కప్పుల నుంచీ, లోపలి వైపు ముదురు రంగులున్న కప్పుల నుంచీ అది చాయ్‌లోకి దిగే భయం ఎక్కువ. పులుపు తగిలితే మరీ ఎక్కువ. అంటే నిమ్మరసం పిండిన సులేమానీ చాయ్ వాటిలో అసలే వద్దు. సీసం పిల్లల బుర్రకు హాని చేస్తుంది. గర్భిణులూ దూరంగా ఉండాలి. అటువంటివి అల్మారాకే అందం.

కంటికి శిక్షణ కావాలంటే మూసీ ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. యూరప్ పింగాణీ గదుల్లో గంటసేపు నిలబడితే, బజారులో కనబడే నకలు మరో చూపుతో కనబడుతుంది. ఈ పేజీ చదివి ఈ రోజే బయలుదేరకండి, శుక్రవారం వారికి సెలవు.

చివరగా తర్కా మాట. పెద్దలు పోయాక చాయ్ సెట్టును ‘సమానంగా’ పంచే అలవాటు కొన్ని ఇళ్లలో చూశాం. చాయ్‌దానీ ఒక కూతురికి, పాలగిన్నె ఇంకొకరికి, తలా రెండు కప్పులు. దానితో సెట్టూ పోయింది, విలువా పోయింది. చాయ్ సెట్టు కూడా వారసుల సొత్తే కనుక తెలిసినవారి చేత మొత్తానికి ధర కట్టించి, ఒకరు సెట్టు ఉంచుకుని, మిగతావారి హిస్సాను రొక్కంగా ఇవ్వవచ్చు. ధర కట్టించే ముందు చక్కెర గిన్నె మూత ఏ అటక మీద ఉందో వెతికించండి.