నాలుగింటి దీపం

మా మైపాడులో అలల చప్పుడు తప్ప మరేమీ వినపడని వేళ, తెల్లవారి నాలుగింటికి, మా అమ్మాయిని లేపుతున్నాను. ప్రవేశపరీక్ష రాసి ఆంధ్రా యూనివర్శిటీలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతానంటోంది. "ఆడపిల్లని విశాఖపట్నం దాకా పంపేదేంది? లెక్కలతో ఏం వస్తుంది?" అని మా అత్తయ్య. నా చదువు ఇలాంటి మాటలతోనే ఇంటర్‌తో ఆగిపోయింది.

1926లో పెట్టిన ఆ యూనివర్శిటీ నుంచి ఎన్ని దారులో చూడండి! మన జిల్లా వెంకయ్యనాయుడుగారు అక్కడ లా చదివి, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. లెక్కల్లో ఎం.ఏ. చేసిన సి.ఆర్.రావుగారు గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2023లో నూటరెండేళ్ల వయసులో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. చిన్నప్పుడు నాలుగింటికే లేపి నూనెదీపం వెలిగించిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన తన పుస్తకంలో తలుచుకున్నారు.

మా పిల్ల ఏ దారిన వెళుతుందో తనిష్టం. దీపం వెలిగించడం మాత్రం నా పనే కదా! మీరేమంటారు?