పన్నెండు రోజుల సీసా

బాల్కొండలో నాది మందుల షాపు. పసుపు డబ్బులు చేతిలో పడ్డాకే పాత బాకీ తీర్చే రైతులే నా గిరాకీలు. అందుకే మందుల ధరలను తేల్చే పేటెంట్ కేసులు ఢిల్లీలో నడిచినా వదలకుండా చదువుతాను.

రిస్‌డిప్లామ్ సంగతే చూడండి. వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడిపోయే ఎస్ఎంఏ అనే జన్యు జబ్బుకు వాడతారు. పొడిని నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో ఉంచి, రోజుకోసారి తాగించాలి. 20 కిలోలు, ఆపైన బరువున్నవారికి రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 మిల్లీగ్రాముల సీసా పన్నెండు రోజులకే ఖాళీ. ఏడాదికి దాదాపు 30 సీసాలు. 2025లో రోష్ కంపెనీ సీసా సుమారు 6.2 లక్షల రూపాయలు, మన హైదరాబాద్ నాట్కోది 15,900. అంటే ఏడాదికి కోటీ 86 లక్షలు ఎక్కడ, 4.77 లక్షలు ఎక్కడ!

పేటెంట్ మాది, నాట్కోను ఆపండని రోష్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అసలు కేసు తేలేసరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా అమ్మకం ఆపమనే ఉత్తర్వే మధ్యంతర ఇంజంక్షన్. పేటెంట్ నిలబడేలా ఉందా, ఆపితే ఎవరికి ఎక్కువ నష్టం, అది డబ్బుతో పూడేదేనా అని జడ్జీలు చూస్తారు. ప్రాణాధారమైన మందైతే ప్రజాప్రయోజనం కూడా. 2025 మార్చి 24న హైకోర్టు ఇంజంక్షన్ ఇవ్వనంది. ఆ పేటెంట్ చెల్లుతుందా అన్నదే అనుమానమంది, రోగుల అవసరాన్నీ లెక్కలోకి తీసుకుంది. అక్టోబరు 9న అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ దాన్నే నిలబెట్టింది. 17న సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు.

మరి కంపెనీకి అన్యాయం కాదా? ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్ కేసు దీనికి జవాబు. అప్పట్లో మాత్ర రోష్‌ది 4,800, సిప్లా కంపెనీది 1,600. 2008 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సిప్లాను ఆపలేదు. 2015లో డివిజన్ బెంచ్ రోష్ పేటెంట్ ఉల్లంఘన జరిగిందని తేల్చి, లాభాల లెక్క చెప్పమని సిప్లాను ఆదేశించింది. కంపెనీ నష్టాన్ని ఏడేళ్ల తర్వాతైనా రూపాయల్లో అడిగే దారి ఉంటుంది. మందు అందక పోయిన మనిషికి ఏ కోర్టు పరిహారం కట్టగలదు?

4.77 లక్షలు కూడా మా రైతుకు కొండే. బిడ్డకు మెడ నిలవకపోయినా, కాళ్లు బలహీనంగా ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎస్ఎంఏ అని తేలితే హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లండి. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల వరకు కేంద్ర సాయానికి అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు.