రేసింగ్ యాట్‌లో కొత్తవారు: అలల కంటే ముందు కడుపుతో, నిద్రతో పోరాటం

సూరత్ పవర్‌లూమ్ కార్మికుల మెస్ గదుల్లో ఒకే పడకను ఇద్దరు వంతులవారీగా వాడుకోవడం మామూలే. మహాసముద్రాలు దాటే రేసింగ్ యాట్‌లలోనూ చాలావాటిలో ఇదే ఏర్పాటు. అయితే ఇక్కడ షిఫ్టు 12 గంటలది. అక్కడ రాత్రిపూట సాధారణంగా నాలుగు గంటలే. పైగా పడక ఒక పక్కకు వాలి ఉంటుంది.

ఇలాంటి రేసుల్లో పాల్గొనేది ఆరితేరిన నావికులే కాదు. 1996లో మొదలైన క్లిప్పర్ రౌండ్ ది వరల్డ్ రేసులో సిబ్బంది ఎక్కువగా డబ్బు కట్టి చేరే సామాన్యులే. అనుభవం లేకపోయినా నాలుగు దశల శిక్షణ పూర్తిచేస్తే పడవ ఎక్కొచ్చు.

మొదట ఇబ్బంది పెట్టేదేంటి?

కడుపు. పడవ ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది. క్యాబిన్‌లో ఉన్న కళ్లకేమో అంతా నిలకడగా కనిపిస్తుంది. ఈ రెండూ పొసగకే వికారం, వాంతులు. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఆలోగా డెక్ మీదకు వచ్చి దూరంగా నింగీ నీరూ కలిసే చోటును చూడటం, చుక్కాని పట్టడం, కొద్దికొద్దిగా నీళ్లు తాగడం మేలు. మాత్ర బయల్దేరకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగినా కడుపులో నిలవదు.

తర్వాత వాలు. గాలికి ఎదురెళ్లేటప్పుడు పడవ 20 నుంచి 30 డిగ్రీలు ఒరిగే ఉంటుంది. గిన్నె ఒలకకుండా పొయ్యిని ఊయలలా వేలాడదీస్తారు. నిద్రలో దొర్లిపడకుండా పడకకు అడ్డంగా గుడ్డ కడతారు. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా ఏదో ఒకటి పట్టుకునే నడవాలి.

అలవాటైతే సరిపోతుందా?

అన్నిటికీ కాదు. ఒంటికి కట్టుకున్న బెల్టును పడవకు కలిపే తాడు విషయంలో అలవాటే ప్రమాదం. 2015-16 క్లిప్పర్ రేసులో పసిఫిక్‌లో కొట్టుకుపోయి మరణించిన మహిళ ఆ సమయంలో తాడు తగిలించుకుని లేరు. 2017లో మరో వ్యక్తి తాడు తగిలించుకున్నా, కొక్కెం పక్కకు ఒత్తిడి పడి వంగి ఊడిపోయింది. అంటే తగిలించుకోవడమే కాదు, ఎక్కడ, ఎలా తగిలించామో కూడా ప్రతిసారీ చూసుకోవాలి.

మనవాళ్ల అనుభవం ఏం చెబుతోంది?

రేసు కాకపోయినా, ఐఎన్ఎస్‌వీ తారిణి యాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరిన ఆరుగురు నేవీ మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. న్యూజీలాండ్ నుంచి ఫాక్‌లాండ్స్ చేరడానికే వారికి దాదాపు 40 రోజులు పట్టింది. చివర్లో స్టీరింగ్ చెడిపోవడంతో మారిషస్‌లో ఆగి, 2018 మే 21న గోవా చేరారు.

వారు నేరుగా తారిణి ఎక్కేయలేదు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దొండే దగ్గర శిక్షణ పొందారు. ఐఎన్ఎస్‌వీ మ్హాదేయ్‌పై మారిషస్‌కు, కేప్‌టౌన్‌కు వెళ్లి రాటుదేలారు. వికారం, నిద్రలేమి, ఇరుకు అన్నీ అక్కడే పరిచయమయ్యాయి. కొత్తవారు గమనించాల్సింది ఇదే. శరీరం కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. అలసటలోనూ జాగ్రత్త తప్పని చెయ్యి మాత్రం ముందస్తు ప్రయాణాల్లోనే తయారవుతుంది.