వైద్యశాలలో గాలికి ఇంత వ్యయమెందుకు?

మన ధర్మసంస్థ వైద్యశాలకు నూతన భవనాన్ని చేరుస్తున్న సంగతి భక్తులకు విదితమే. అందులో శీతల, తాపన, వాయుశుద్ధి యంత్రాలకు కేటాయించిన ద్రవ్యాన్ని చూసి కొందరు దాతలు విస్మయం చెందారు. "మంచాలకిస్తాం, మందులకిస్తాం. ఏసీలకు కూడా ఇవ్వాలా పంతులుగారూ? ధర్మాసుపత్రికి వచ్చే రోగికి అంత విలాసమెందుకు?" అని ఒక పెద్దమనిషి నన్నే అడిగారు. నేను ఇంజనీరును కాను. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయినా ప్రశ్న సహేతుకమైనది కనుక, పనిచేయిస్తున్న ఇంజనీర్ల వద్ద కూర్చుని, బోధపడనిచోట మళ్ళీ మళ్ళీ అడిగి గ్రహించినదాన్ని ఇక్కడ విన్నవిస్తున్నాను.

రోగి ఉండే ఇంటికి గాలి ఎలా ఉండాలన్న విచారణ మనకు కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో చికిత్సాగృహ నిర్మాణం చెప్పబడింది. ఆ ఇల్లు గాలి నేరుగా కొట్టనిదై ఉండాలి. కాని ఒకవైపున మాత్రం గాలి ఆడాలి. పొగ, ఎండ, ధూళి దానిలో చొరరాదు. గాలి వద్దనలేదు, ఎలా పడితే అలా రానిమ్మనీ అనలేదు. వచ్చే గాలిని మనమే నియమించుకోవాలన్నదే అక్కడి భావమని నా అవగాహన. సుశ్రుతులవారు కూడా వ్రణితుని గృహం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే చెప్పారు.

ఇక విలాసమన్న మాట. అమెరికాలో ఫ్లోరిడా తీరాన అపలాచికోలా అనే ఊళ్ళో జాన్ గోరీ అనే వైద్యుడు 1840 దశకంలో జ్వరపీడితుల గదులను చల్లబరచాలని గదిపైభాగాన మంచుగడ్డలు వేలాడదీసేవాడు. ఉత్తరదేశం నుంచి ఓడలలో రావలసిన ఆ మంచు సమయానికి దొరకక, మంచును తయారుచేసే యంత్రాన్నే కల్పించాడు. 1851లో దానికి పేటెంటు లభించింది. నాలుగేళ్ళకు ఆయన దారిద్ర్యంలో మరణించాడు. చెడుగాలి వల్ల జ్వరాలు పుడతాయన్న ఆయన సిద్ధాంతం నిలవలేదు, యంత్రం నిలిచింది. ధనికుల మేడలకు చల్లదనం చేరకముందే ఒక వైద్యుడు రోగుల కోసం దానికై శ్రమించాడన్నమాట.

"అయితే గదికొక స్ప్లిట్ ఏసీ బిగిస్తే చాలదా?" అని తరువాతి ప్రశ్న. చాలదు. ఇంట్లోని ఏసీ ఆ గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని తేదు, సూక్ష్మక్రిములను వడపోయదు. శస్త్రచికిత్స జరిగే గదికి ఇది పనికిరాదు. మనిషి చర్మం నుంచి కంటికి కనబడని పొలుసులు నిరంతరం రాలుతుంటాయి. సూక్ష్మక్రిములు వాటినే వాహనాలుగా చేసుకొని గాలిలో తేలి, తెరచిన గాయంలో దిగుతాయి. వైద్యుడెంత శుచిగా ఉన్నా ఇది ఆగదు. అందుచేత ఆపరేషన్ థియేటర్‌లో ఆ గది పరిమాణానికి ఇరవై రెట్ల గాలి ప్రతి గంటా వడపోతలగుండా లోపలికి రావాలని ప్రమాణం. అందులో కనీసం నాలుగు రెట్లు బయటినుంచి తెచ్చిన కొత్త గాలి కావాలి. చివరి వడపోతకు హెపా ఫిల్టర్ అని పేరు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను కదా, 0.3 మైక్రానుల కణాలను సైతం అది నూటికి 99.97 పాళ్ళు ఆపుతుంది. ఇంత గాలిని మోసుకురావడానికి పైకప్పు కింద పెద్దపెద్ద రేకు గొట్టాలు సాగాలి. కొత్త భవనంలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు ఎక్కువగా ఉందేమని అడిగినవారికి సమాధానం ఇదే.

గాలి ఎటునుంచి ఎటు పోవాలన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. ఆలయంలో గర్భగృహం, అంతరాళం, ముఖమండపం అని శుచినియమం లోపలినుంచి బయటికి క్రమంగా సడలుతుంది కదా. థియేటర్‌లోనూ అదే వరుస. లోపలి గదిలో గాలిపీడనం అన్నిటికన్నా కాస్త ఎక్కువ, పక్కగదిలో తక్కువ, నడవాలో మరీ తక్కువ. తలుపు తెరిస్తే లోపలి గాలి బయటికి తోసుకుపోతుందేగాని నడవాలోని గాలి లోపలికి రాదు. ఆ తేడా ఎంతని అడిగాను. 2.5 పాస్కల్సట. నీటి మట్టంలో చెప్పుకుంటే పావు మిల్లీమీటరు! అంత స్వల్పమైన తేడా రోగిని కాపాడుతున్నది. తలుపు సందు వదులైతే చాలు, అదీ పోతుంది.

క్షయ వంటి గాలిద్వారా వ్యాపించే వ్యాధులున్నవారి గదికి మాత్రం ఇది తలకిందులు. అక్కడ పీడనం తక్కువగా ఉంచుతారు. నడవాలోని గాలి లోపలికి పోతుంది, రోగి విడిచిన గాలి ఇతరుల మీదికి రాకుండా వేరే గొట్టంలో పైకప్పు మీదికి వెళ్ళిపోతుంది. ఈ రెండు గదులనూ ఒకే గొట్టానికి కలిపితే ఏమవుతుందో పాఠకులే ఊహించవచ్చు.

మన ఎండలలో తాపనయంత్రం దేనికని నాకే సందేహం కలిగింది. తీరప్రాంతపు గాలిలో తేమ అధికం. ఆ తేమను తీయాలంటే గాలిని అవసరానికి మించి చల్లార్చి, నీటిని కార్చివేయాలి. తరువాత ఆ గాలిని తగుమాత్రంగా వెచ్చచేసి గదిలోకి పంపాలి. లేకుంటే గది చల్లగా ఉన్నా గోడలు చెమర్చి బూజు పడుతుంది. పైగా ప్రసూతిగది చల్లగా ఉండరాదు. అక్కడ 25 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. తడి ఒంటితో పుట్టిన పసికందు క్షణాలలో వేడిని కోల్పోతుంది. వైద్యులకు చెమట పోస్తున్నదని ఆ గదిని చల్లబరచడం బిడ్డకు అపకారమే.

విస్తరణలో అసలు చిక్కు వేరే ఉంది. పాత భవనంలో రోగులుండగానే పక్కన గోడలు పగలగొట్టాలి. ఆ ధూళిలో ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజాలుంటాయి. ఆరోగ్యవంతుడు వాటిని పీల్చినా ఏమీ కాదు. క్యాన్సరు మందులు వాడుతూ రోగనిరోధకశక్తి క్షీణించినవారికి అవి ప్రాణాంతకం. అందుకే పనిచోటును నేలనుంచి పైకప్పుదాకా అడ్డుగోడతో మూసి, లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టాలి. పాత చల్లనీటి గొట్టాలకు కొత్తవి అతికేటప్పుడు ఐసీయూకు చల్లదనం ఆగకుండా ముందే వేరే ఏర్పాటుండాలి. పని నెమ్మదిగా సాగుతున్నదని విసుగుకొనే భక్తులు దయచేసి ఇది గమనించాలి. తొందరపెట్టవలసిన పని కాదిది.

యంత్రాలను ఏ దిక్కున ఉంచాలని వాస్తు అడిగినవారూ ఉన్నారు. నాకు తోచినంతవరకు ఇక్కడ మొదట చూడవలసినది గాలి వచ్చే దారి. కొత్తగాలిని పీల్చే ద్వారానికి జనరేటరు పొగ, మరుగుదొడ్ల గాలి, కూలింగ్ టవర్ తుంపర్లు కనీసం ఇరవై ఐదు అడుగుల దూరంలో ఉండాలి. తుంపర్ల భయం కల్పితం కాదు. 1976 జులైలో ఫిలడెల్ఫియా నగరంలోని ఒక హోటలులో మాజీ సైనికుల సభకు వచ్చినవారికి విచిత్రమైన న్యుమోనియా సోకి ముప్పైమందికి పైగా మరణించారు. మరుసటి జనవరిలో దానికి కారణమైన క్రిమిని కనుగొన్నారు. సభకు వచ్చిన లీజియన్ సంఘం పేరిట దానికి లీజియొనెల్లా అని పేరు వచ్చింది. హోటలు శీతలీకరణ వ్యవస్థలోని నీరే దాని మూలమై ఉంటుందని భావించారు. గోరువెచ్చని నిలవనీటిలో పెరిగే క్రిమి అది. టవర్‌ను కడగడం, నీటిలో మందు వేయడం ఎగవేస్తే ఉపకారం చేయవలసిన యంత్రమే అపకారి అవుతుంది.

దాతలకు ముఖ్యంగా చెప్పదలచినది ఈ నిర్వహణ గురించే. గుంటూరు ప్రాంతపు మల్కాపురంలో 1261 నాటి శాసనముంది. కాకతి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడిని గోళకీమఠాచార్యులు విశ్వేశ్వర శంభువుకు సమర్పించిన వృత్తాంతం అందులో ఉంది. నేడు సచివాలయమున్న వెలగపూడి అదే. ఆ దానంతో నడిచిన వాటిలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఉన్నాయి. కట్టడానికి మాత్రమే కాక, ఏటేటా నడవడానికి గ్రామాల రాబడినే ఇచ్చారు నాటివారు.

నేడు మనవారు భవనానికి ఉదారంగా ఇస్తున్నారు. గదిగదికీ పేరు చెక్కించుకుంటున్నారు. కాని ముందువరుస ఫిల్టర్లను తరచుగా శుభ్రపరచాలి. హెపా ఫిల్టర్ కడిగితే పాడవుతుంది; దానికి ముందూ వెనుకా ఉన్న పీడనాల తేడా హద్దుమీరినప్పుడు కొత్తది వేయవలసిందే. థియేటర్ల గాలిని ఏటా పరీక్ష చేయించాలి. వీటికి ద్రవ్యం కావాలి. అందుకని ఈ నెలనుంచి విరాళాల పత్రంలో "వాయుశుద్ధి నిర్వహణ" అనే పద్దును ప్రత్యేకంగా చేర్చారు. దానికి శిలాఫలకం ఉండదు. కార్యాలయంలో రసీదు మాత్రం ఇస్తారు.