రాత్రికో ఊరు

“మీరు నాటకాలలో తిరిగారట గదా, ఆ సంగతులేవైనా రాసి ఇవ్వండి” అని మన పత్రిక సంపాదకులు అడిగి ఏడాదయింది. తిరిగిన మాట నిజమే. 1962లో, నా 18వ ఏట, ముఖానికి రంగు పూసుకున్నాను, 1986లో కడిగేసుకున్నాను. ఆ మధ్య కాలమంతా చంద్రమతినీ సత్యభామనూ ద్రౌపదినీ చింతామణినీ ఒకే రేకు పెట్టెలో సర్దుకుని, ఇటు శ్రీకాకుళం మొదలు అటు ఖర్గపూర్ రైల్వే క్వార్టర్ల దాకా తిరిగాను. నాటకాలను గురించి పండితులు చాలా రాశారు. దారిని గురించి రాసినవారు తక్కువ. నాకు తెలిసినదీ అదే.

మాది సొంత కంపెనీ కాదు. సురభివారి పద్ధతి వేరు. 1885 నుంచి వారిది కుటుంబ నాటకం. తెరలూ వంటపాత్రలూ పిల్లాజెల్లా అంతా ఒక్కటిగా కదిలేవారు, ఒక ఊళ్లో డేరా వేస్తే వారాల తరబడి ఉండేవారు. మావి కంట్రాక్టు నాటకాలు. ఊరి కమిటీవారు కంట్రాక్టరుకు బయానా ఇస్తారు. అతను కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో ఊరి నుంచి, హార్మనిస్టును బరంపురం నుంచి పిలిపిస్తాడు. కిరీటాలూ గదలూ భుజకీర్తులూ డ్రెస్సు కంపెనీవాడు అద్దెకు తెస్తాడు. రాత్రి ఎనిమిది గంటలకు మేకప్పు గదిలో ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. రిహార్సలన్న మాటే లేదు. తిరుపతి వేంకటకవుల పద్యాలైనా, బలిజేపల్లివారి ‘హరిశ్చంద్ర’ అయినా అందరికీ కంఠతా వచ్చినవే కాబట్టి, పదింటికి తెర లేస్తే తెల్లవారేదాకా నడిచిపోయేది. కురుక్షేత్రానికి కృష్ణులే ముగ్గురు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, గీతోపదేశానికి మరొకరు. ఒకటో కృష్ణుడు బక్కగా పొడుగ్గా ఉండి, రెండో కృష్ణుడు పొట్టిగా బొద్దుగా ఉన్నా జనానికి పట్టింపు లేదు. పద్యం బాగుంటే చాలు.

నాటకాలకు ఒక రుతువు ఉంది. వినాయక చవితికీ దసరాకూ కొన్ని పందిళ్లు తగిలేవి. సంక్రాంతి నుంచి శివరాత్రి, శ్రీరామనవమి, అమ్మవారి జాతరల దాకా ఊపిరి సలిపేది కాదు. ఆషాఢంలో వాన పడిందంటే హార్మోనియం అటక ఎక్కవలసిందే. ఆ వానకాలం గడవడానికి కంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తెచ్చుకునేవాళ్లం. ఆ తరువాత అతను ఏ ఊరంటే ఆ ఊరు, ఎంతంటే అంత. 1964లో నాకు నైటుకు 15 రూపాయలు. అందులో 5 పాత బాకీకి పోయేవి. వన్స్‌మోర్లు కొట్టి రూపాయి నోటు పిన్నీసుతో గుచ్చే పెద్దమనుషులకు ఈ లెక్క తెలియదు. ఒక కంట్రాక్టరు తెల్లవారకముందే గేటు డబ్బులతో ఊరు దాటిపోయాడు. అతని పేరెందుకు లెండి. ఆ పొద్దు 11 మందిమి స్టేషను ప్లాటుఫారం మీద కూర్చుని, ఛార్జీలకు నా గాజుల జత అమ్ముకోవలసివచ్చింది.

ఇక ప్రయాణం. నౌపడా నుంచి గుణుపురానికి చిన్న రైలుబండి ఉండేది. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన లైను అది. నౌపడా జంక్షనులో పెద్దబండి దిగి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఆ చిన్నబండిలోకి మారేవాళ్లం. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం అంటూ అది తాపీగా పోయేది. దానిలోనే మా నిద్ర. మొహాన కొబ్బరినూనె రాసి తుడుచుకున్నా అర్దళం పసుపు చెవుల వెనుక మిగిలిపోయేది. బండిలో ఎక్కినవారు దానిని చూసే మమ్మల్ని గుర్తుపట్టేవారు. దిగాక ఊళ్లోకి ఎడ్లబండి. కాలితో తొక్కే హార్మోనియానికి గడ్డి పరిచి బండిలో చోటిచ్చి, మేము వెనక నడిచిన దారులు ఎన్నో. ఆ చిన్నబండి 2004లో నిలిచిపోయింది. 2011 నాటికి గుణుపురం దాకా పెద్దలైను వచ్చింది.

గొంతు కాపాడుకోవడం ఒక తపస్సు. పెరుగు మానేశాను. బుగ్గన కరక్కాయ ముక్క, సంచిలో మిరియాలూ పటికబెల్లమూ ఎప్పుడూ ఉండేవి. నేను చేరేనాటికే మైకులు వచ్చాయి గానీ, రంగస్థలం నడుమ ఒక్క మైకు వేలాడేది. ద్రౌపది ఎంత దుఃఖంలో ఉన్నా దాని కిందికి వచ్చే ఏడవాలి.

మగవారికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసిన కాలంలో ఆడవేషాలు మగవారే వేసేవారు. మా కాలానికి ఆ వేషాలకు ఆడవాళ్లమే వచ్చాం గాని, మాకు చీర మార్చుకునే చాటు మాత్రం రాలేదు. రెండు దుప్పట్లు వెదురుకు కట్టుకుని సర్దుకునేవాళ్లం. చంద్రమతి వేసిన ఊళ్లో మర్నాడు “తల్లీ, మా ఇంటికి రా” అని ముసలమ్మలు పులిహోర తెచ్చిపెట్టి, నా చేతులు కళ్లకద్దుకునేవారు. చింతామణి వేసిన ఊళ్లో సత్రం అరుగే గతి. మంచినీళ్ల చెంబు కూడా దూరంగా పెట్టేవారు. మనిషిని నేనే, గొంతూ నాదే. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యామోహాన్ని ఎండగట్టడానికి రాసిన నాటకం అది. దానిని ఆడిన ఆడదాన్నే ఊరు వెలివేసినట్టు చూసేది. ఆ నాటక ప్రదర్శనను 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేరొక కారణంతో నిషేధించినప్పుడు, మంచీ చెడూ తేల్చుకోలేక నాకు ఈ చెంబే జ్ఞాపకం వచ్చింది.

మావారు హార్మనిస్టు. మా అమ్మాయి పుట్టాక దానిని కూడా వెంటే తిప్పాం. హార్మోనియం పెట్టె వెనక గోనెపట్టా మీద నిద్రపోయేది.

1971 శివరాత్రికి టెక్కలి దాటి లోపలికి ఒక ఊళ్లో హరిశ్చంద్ర ఒప్పుకున్నాం. లోహితాస్యుడికి మామూలుగా ఆ ఊరి పిల్లవాడినే ఇచ్చేవారు. అర్ధరాత్రి దాటేసరికి వాడు నిజంగానే నిద్రపోతాడు కాబట్టి పాము కరిచి చచ్చిన పిల్లవాడిగా బాగా నప్పేవాడు. ఆ రోజు పిల్లవాడి తల్లి, పండగపూట కొడుకును శవంగా పడుకోబెట్టనని అడ్డం తిరిగింది. ఆమె తప్పేమీ లేదు. మా అమ్మాయికి అయిదేళ్లు, తలనీలాలు ఇచ్చి కొద్దినెలలే అయింది, మగపిల్లవాడిలాగే ఉంది. దానికే పంచె కట్టాను. నాకు మాత్రం మనసెలా ఒప్పిందీ అంటే, అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. సీను నడవాలి, అంతే.

కాటిసీనులో నేను రావడానికి ముందు హరిశ్చంద్రుడు జాషువాగారి శ్మశానవాటి పద్యాలు పాడటం ఆనవాయితీ. వాటికి వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు. గంటసేపు నేను పిల్లను భుజాన వేసుకుని పక్కతెర చాటున నిలబడ్డాను. మెడకు వెచ్చగా తగిలితే నిద్రవేడి అనుకున్నాను. రంగస్థలం మీద ఒళ్లో పడుకోబెట్టి నుదురు మీద చెయ్యి వేశాక తెలిసింది, ఒళ్లు పెనంలా కాలిపోతున్నది. పద్యం అప్పటికే ఎత్తుకున్నాను. నా గొంతు వణికింది. ఆ వణుకు జనానికి బహుబాగా నచ్చింది. వన్స్‌మోర్ అన్నారు.

పాడాను. మళ్లీ అన్నారు. మళ్లీ పాడాను.

మూడోసారి కేక లేచినప్పుడు మావారి వైపు చూశాను. ఆయనకు ఏమర్థమయిందో, తొక్కుడు పలకల మీద నుంచి రెండు కాళ్లూ తీసేసి కింద పెట్టారు. శ్రుతి ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. హరిశ్చంద్రుడు వేసినాయన అనుభవశాలి. వెంటనే కాటిసుంకం మాట ఎత్తుకుని సీనును ముందుకు లాగాడు. తెర పడగానే కంపౌండరును లేపి మందు పోయించి, తెల్లవారుజామున బండి కట్టించుకుని టెక్కలి ఆస్పత్రికి చేరాం. దాని ఆయుష్షు గట్టిది. వన్స్‌మోరుకు పాడలేదని కమిటీవారు ఇద్దరికీ చెరి 5 రూపాయలు కోశారు.

బరంపురం వచ్చాక మా అమ్మ ఒక్కటే మాట అంది: “నువ్వెళితే వెళ్లు. పిల్ల మాత్రం ఇక గడప దాటదు.” వానకాలపు బాకీ ఉంది. వెళ్లాను. మరి పదిహేనేళ్లు వెళ్లాను. అమ్మాయి అమ్మమ్మను “అమ్మా” అనీ, నన్ను “పెట్టెమ్మా” అనీ పిలిచేది, పెట్టెతో వస్తాను కనుక. ఇంట్లో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

అది లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయింది. ఇంతవరకు హరిశ్చంద్ర నాటకం చివరిదాకా కూర్చుని చూడలేదు. మావారు పోయేముందు ఆ రాత్రి సంగతి దానికి చెప్పినట్టున్నారు. మొన్న సంక్రాంతికి వచ్చి పెట్టె దించింది. సవరం, వడ్డాణం, చంద్రమతి నారచీర ఒక్కొక్కటే బయటికి తీస్తూ, తల ఎత్తకుండానే, “మొదటిసారికే ఎందుకు ఆపలేదు?” అని అడిగింది.

“అడిగారు కనుక పాడాను” అన్నాను. ఇంకో జవాబు నా దగ్గర లేదు.

అది కాసేపు మాట్లాడలేదు. తరువాత నారచీర దులిపి, చిమ్మటలు పట్టకుండా ఎండలో వేయాలంటూ పెరట్లోకి పట్టుకుపోయింది.