శత్రువు చేజిక్కిన పద్యం

పగవాడు చేతికి చిక్కాడు. ప్రాణం తీసినా తప్పులేనంతటి పగవాడు. వాడికి కీడు తలపెట్టకుండా, తగిన మేలు చేసి పంపేయమంటాడు వేమన. బడిలో అందరూ వల్లించిన ‘చంపదగినయట్టి శత్రువు తనచేత’ అనే ఈ పద్యం ఆటవెలది.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండు: మూడు లఘువుల నగణం, గురువు తర్వాత లఘువు వచ్చే హగణం. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, లేదా ప్రాసయతి వేయాలి. ప్రాస నియమం లేదు.

ఈ పద్యంలో మొదటి పాదంతో వాక్యం పూర్తికాదు. శత్రువు చిక్కితే అన్న షరతు రెండో పాదంలో రెండు గణాల దాకా సాగుతుంది. మిగిలిన మూడు గణాల్లో నిషేధం. ఆ పాదంలో ఐదూ హగణాలే. గురువు, లఘువు, మళ్లీ గురువు, లఘువు... ఆచితూచి అడుగేస్తున్నట్టు ఉంటుంది. పద్యంలో ఇలాంటి పాదం ఇంకొకటి లేదు. మేలు సంగతి ఎత్తుకోగానే మూడో పాదం నగణంతో మొదలై తేలికపడుతుంది. వేమన లెక్కవేసి కట్టాడని అనలేం గానీ, చెవికి తేడా తెలుస్తుంది.

యతి ఇంకా సొగసైనది. చకారానికి శకారంతో మైత్రి ఉంది కనుక మొదటి పాదంలో ‘చంప’కు ‘శత్రువు’ జత కుదిరింది. చంపాలన్న ఆలోచననూ చావవలసినవాడినీ యతే ముడివేసింది.

సుమతీ శతకంలో కోపాన్నే శత్రువన్న పద్యం నడక వేరు. అది కందం. అన్నీ నాలుగు మాత్రల గణాలు, నాలుగు పాదాలకూ ప్రాస. కోపం, శాంతం, దయ అంటూ వరుసగా సూత్రాలు చెప్పడానికి ఆ బిగువు సరిపోయింది. వేమనది సూత్రం కాదు, సన్నివేశం. దానికి ఆటవెలదే తగింది.

ఒక్క జాగ్రత్త. మొదటి పాదంలో ‘దగినయట్టి’ని ‘దగినట్టి’ అని చదివితే ‘న’ గురువై గణం చెడుతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు ఆ ‘య’ను మింగేయకూడదు.