కపాల పీఠంలోని భేదాలు – శస్త్రచికిత్స

మనిషికీ మనిషికీ ముఖం వేరైనట్లే, ముఖం వెనుకనున్న ఎముకల అమరిక కూడ వేరు. ప్రయోగశాలలో ఒక్క పుర్రెను, పుస్తకంలో ఒక్క పటాన్ని చూచి, మానవ కపాలమంటే ఇదేనని మనం భావిస్తాం. పరీక్షకు ఆ జ్ఞానం చాలును, శస్త్రవైద్యునికి చాలదు.

మెదడుకు ఆధారమైన ఎముకల అంతస్తే కపాల పీఠం. దాని ముందు భాగంలో, ముక్కుకు పైకప్పుగా, ఎత్మాయిడ్ ఎముకకు చెందిన జల్లెడవంటి పలక కలదు. వాసనను తెలిపే నాడీతంతువులు దాని రంధ్రాల గుండా మెదడుకు పోతాయి. ఇరుపక్కలనున్న ఎముక కప్పుకంటె ఈ పలక కొంత దిగువన ఉంటుంది. ఆ లోతును బట్టి 1962లో కేరోస్ అనే శాస్త్రజ్ఞుడు మూడు తరగతులను నిర్ణయించాడు: 1 నుండి 3 మిల్లీమీటర్లు మొదటిది, 4 నుండి 7 రెండవది, 8 నుండి 16 మూడవది. లోతు పెరిగిన కొలదీ పలుచని పక్కగోడ ఎత్తు పెరుగుతుంది, అపాయమూ పెరుగుతుంది. ముక్కులో శస్త్రచికిత్స చేయునప్పుడు ఆ గోడ పగిలినచో మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోనికి కారుతుంది. ఆ దారినే సూక్ష్మజీవులు చేరి మెదడు పొరలకు వాపు కలిగించవచ్చు. ఒకే వ్యక్తిలో కుడి ఎడమల లోతు సైతం సమానంగా ఉండకపోవచ్చు.

ఎత్మాయిడ్‌కు వెనుక స్ఫినాయిడ్ ఎముక ఉన్నది. దానిపై జీనువంటి పల్లంలో పీయూష గ్రంథి అమరియున్నది. 1907లో ష్లోఫర్ అనే వైద్యుడు ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్‌లో ముక్కు మార్గాన ఆ గ్రంథిలోని కణితిని చేరుకొన్నాడు. నేటికీ ఆ మార్గమే ప్రధానం. స్ఫినాయిడ్ లోపలి గాలి గది కొందరిలో ఏర్పడనే ఏర్పడదు. అప్పుడు ఎముకను తొలిచి దారి చేయవలెను. మరికొందరిలో ఆ గది మిక్కిలి విశాలమై, మెదడుకు రక్తమిచ్చే కెరోటిడ్ ధమని, దృష్టినాడి దాని గోడలలోనికి ఉబికి ఉంటాయి. వాటిపై ఎముక పొర కాగితమంత పలుచన. ఒక్కొక్కచోట అదీ ఉండదు. గదిలోని అడ్డుగోడ ఒక్కొక్కప్పుడు పక్కకు ఒరిగి, ధమని మార్గాన్నే అంటి ఉంటుంది. దానిని మెలితిప్పి విరిచినచో ధమని చిట్లి ప్రాణాపాయం కలుగవచ్చు.

1971లో లండనులో తొలిసారి రోగికి ఉపయోగపడిన సి.టి. స్కానింగు ఈ భేదాలను ముందే చూపగల సాధనమైనది. దాని రూపకల్పనకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్ 1979లో నోబెల్ బహుమతి పొందారు. ఐనను యంత్రం చిత్రాన్ని ఇస్తుందే గాని, దానిని చదువవలసినది వైద్యుడే. సామాన్య సూత్రాన్ని నేర్చి, ఎదుటనున్న వ్యక్తిలో అది ఎట్లు మారినదో పరిశీలించుటే వైద్యవిద్య సారం. వైద్యవృత్తిని కోరే మన విద్యార్థులు ఒక్క పుర్రెతో తృప్తి చెందక, నాలుగు పుర్రెలను పక్కపక్కన ఉంచి పోల్చి చూడవలెను.